ఏకచక్రపురం: అడవి అంచున ఒక ఊరు, దాని భయం

ఏకచక్రపురం కథ తెలియని తెలుగు విద్యార్థి అరుదు. లక్క ఇంటి నుంచి తప్పించుకొన్న పాండవులు హిడింబవనం దాటి, బ్రాహ్మణ వేషాలతో ఒక ఊరు చేరుతారు. ఆ ఊరి పక్క అడవిలో బకుడనే రాక్షసుడు ఉన్నాడు. ఊరివారు వంతులు వేసుకొని బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి చొప్పున వానికి పంపుతూ ఉంటారు. పాండవులు తలదాచుకొన్న ఇంటికి వంతు వస్తుంది. ఆ ఇంటివారికి బదులు కుంతి భీముని పంపుతుంది. భీముడు అన్నం తానే తిని, రాక్షసుని చంపి వస్తాడు. ఊరు ఊపిరి పీల్చుకొంటుంది.

ఇది జరిగిన కథా, కల్పించిన కథా అన్న వాదం ఇక్కడ అనవసరం. ఆదిపర్వాన్ని తెలుగు చేసిన నన్నయభట్టు 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుని ఆస్థానంలో ఉన్నవాడు. ఆ నగరానికి ఎగువను రంప మన్యపు కొండలు, పాపికొండలు. దిగువను గోదావరి పాయల నడుమ కోనసీమ. అంటే, అడవికి జడిసి బతికిన ఊళ్లు ఎటువంటివో ఎరిగిన సీమలోనే ఈ కథ తెలుగు మాట నేర్చుకొన్నది.

నేడు అంబాజీపేటలోనో, అమలాపురంలోనో ఈ కథ వినే పిల్లలు అడవిని ఎరుగరు. వారి చుట్టూ ఉన్నవి కొబ్బరితోటలు, వరిచేలు, పంటకాలువలు. అడవి అంటే ఏమిటో వారికి మొదట తెలిసేది కథవల్లనే. ఆ పిల్లలలోనే కొందరు రేపు ఉపాధ్యాయులై, వైద్యులై, ఆరోగ్య కార్యకర్తలై మన్యానికి పోతారు. ఏజెన్సీకి బదిలీ అంటే శిక్ష అనే మాట మైదానంలో నిన్న మొన్నటిది కాదు. కనుక ఈ కథ భయాన్ని గురించి ఏమి నేర్పుతున్నదో, ఏమి నేర్పడం లేదో విచారించడం తెలుగు పంతులుగారి పని మాత్రమే కాదు, సైన్సు ఉపాధ్యాయుని పని కూడాను.

భయం నడిపిన ఊరు

పిల్లలకు చెప్పే కుదింపులలో ఈ కథ చాలా నష్టపోయినది. బండి, అన్నపు రాశి, మల్లయుద్ధం మాత్రం మిగిలినవి. మూలంలో యుద్ధం కొద్దిపాటిదే. అసలు బలం ఆ బ్రాహ్మణ కుటుంబం మాటలలో ఉన్నది. వారి మాటలు జాగ్రత్తగా చదివితే, భయం ఒక ఊరిని ఎట్లా నడుపుతుందో తెలియజేసే నాలుగు సంగతులు కనబడతాయి.

మొదటిది: ఆ ఇంటి యజమాని పూర్వమే ఊరు విడిచిపోదామనుకొన్నాడు. భార్య ఒప్పుకోలేదు. తాను పుట్టి పెరిగిన చోటు అది, తన వారున్న చోటు అది. ప్రమాదం తెలిసి కూడా జనం ప్రమాదం పక్కనే ఎందుకు ఉంటారన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి సమాధానం దొరకదు. వరద లంకలలో ఉన్నవారిని, తుపాను తీరాన ఉన్నవారిని అడిగినా ఇదే చెబుతారు.

రెండవది: వంతు ఒక్కొక్క ఇంటికి ఎన్నో ఏండ్లకు గాని రాదు. ఏండ్ల తరబడి రాని ఆపదను మనిషి లెక్కలోకి తీసుకోడు. ఊరంతటికీ కలిపి చూస్తే నష్టం ఆగకుండా జరుగుతున్నది. ఏ ఇంటికి ఆ ఇల్లు చూసుకొంటే మటుకు ఇవాళ్టికి గండం గడిచినట్లే ఉన్నది. అందరికీ కీడు చేసే ఏర్పాటు అంతకాలం నిలవడానికి కారణం ఇదే.

మూడవది: ఈ భయం అందరికీ సమానం కాదు. డబ్బు పెట్టి మరొక మనిషిని కొని పంపే శక్తి తనకు లేదని ఆ బ్రాహ్మణుడు సంస్కృత మూలంలో వాపోతాడు. ఉన్నవారు అట్లా పంపగలరన్నమాట.

నాలుగవది: బకుడు ఊరికి శత్రువు మాత్రమే కాదు, కాపరి కూడాను. బయటి శత్రువులు రాకుండా కాస్తున్నందుకు అతడు తీసుకొనే సుంకం ఆ బండి. రాజు ఉన్నాడు గాని, దుర్బలుడు. రాజు చేయవలసిన పని చేయనందువల్లనే అడవిలోని వానికి సుంకం ముట్టుతున్నది.

ఇంతటి సామాజిక పరిశీలన ఉన్న కథను కేవలం బలవంతుని గెలుపుగా చెప్పడం దానికి అన్యాయం చేయడమే. అయితే కథకు ఒక పెద్ద లోపం కూడా ఉన్నది. భయానికి కారణాన్ని అది ఒకే శరీరంలో పెట్టినది. ఆ శరీరం కూలితే భయం పోతుందన్నది. నిజమైన అడవి అంచున ఇది ఎంతవరకు చెల్లుతుందో చూడాలి.

మన నేల మీది ఏకచక్రపురాలు

నర్సీపట్నం, గోకవరం వంటి ఊళ్లు మైదానానికీ మన్యానికీ నడుమ గడపల వంటివి. కొండల మీది చింతపండు, తేనె, అడ్డాకులు ఇటువైపు సంతలకు దిగేవి. ఉప్పు, బట్టలు, ఎండుచేపలు అటువైపు ఎక్కేవి. వ్యాపారం ఉన్నది గాని, మైదానపు మనిషి మన్యంలో రాత్రి నిద్ర చేయడానికి జంకేవాడు. పులికి, పాముకు ఉన్న భయం ఒక ఎత్తు, జ్వరానికి ఉన్న భయం ఒక్కటీ ఒక ఎత్తు. మన్యపు జ్వరం పట్టుకొంటే చలి, వణుకు, మంట, చెమట. తగ్గినట్లే తగ్గి మళ్లీ వచ్చేది. కడుపులో బల్ల పెరిగేది. కొందరికి నల్లని మూత్రం పడి ప్రాణం పోయేది.

సైన్యాలను కూడా ఈ జ్వరం వదలలేదు. 1879లో రంప తిరుగుబాటు రేగినప్పుడు, 1922-24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం లేచినప్పుడు, కొండలు ఎక్కిన పోలీసులకు, సిపాయీలకు బాణాలతో, తుపాకులతోపాటు జ్వరం కూడా ఎదురైనది.

దీనికి జనం చెప్పుకొన్న కారణాలు అనేకం. మన్యం నీళ్లు పడవని కొందరు, కుళ్లిన ఆకుల గాలి అని కొందరు, కొండదేవత కోపమని కొందరు, ఎవరో చిల్లంగి పెట్టినారని కొందరు అన్నారు. చదువుకొన్న దొరలు కూడా గాలినే నిందించినారు. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు అర్థమే చెడుగాలి.

రక్కసి ఎంతటిది?

1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు జ్వరరోగి రక్తంలో కదిలే ఒక సూక్ష్మజీవిని చూచినాడు. అది మనిషి రక్తంలోకి ఎట్లా చేరుతున్నదో తేల్చిన మొదటి గట్టి నిదర్శనం మన తెలుగు నేల మీదనే దొరికినది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక అనాఫిలిస్ దోమ కడుపు గోడను సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తూ, రోగి రక్తం తాగిన ఆ దోమలో పరాన్నజీవి పెరుగుతున్న గుళ్లను కనిపెట్టినాడు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో మరొక పక్షికి పోతున్నదని నిరూపించినాడు. అదే ఏడు ఇటలీలో గ్రాసీ ప్రభృతులు మనుష్యుల మలేరియాకు అనాఫిలిస్ దోమే వాహకమని చూపినారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చినది.

ఇప్పుడు మన్యం అంచు ఊళ్ల అనుభవాలన్నీ ఒక్కొక్కటిగా విడిపోతాయి. అనాఫిలిస్ దోమలు రాత్రివేళ కుడతాయి. కనుక పగలు సంతకు వచ్చి పొద్దు వాలకముందే తిరిగిపోయినవానికి ప్రమాదం తక్కువ, రాత్రి నిలిచినవానికి ఎక్కువ. కొండవాగులలో, మెల్లగా పారే తేట నీటి అంచులలో అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే జాతి గుడ్లు పెడుతుంది. కనుక నీటిని నిందించినవారు నిజానికి సగం దగ్గరకు వచ్చినారు. తప్పు తాగే నీటిలో లేదు, దోమపిల్లలు పెరిగే నీటిలో ఉన్నది. పరాన్నజీవి దోమలో పెరగడానికి వాతావరణాన్నిబట్టి సుమారు 10 నుంచి 14 రోజులు, మనిషిలో పెరిగి జ్వరం తేవడానికి మరి అన్ని రోజులు పడుతుంది. కనుక మన్యంలో ఒక్క రాత్రి గడిపి ఇంటికి చేరినవాడు రెండు వారాల తరువాత మంచం పడితే, దోమకాటు ఎవరికీ గుర్తుండదు, ఆ ప్రయాణమే గుర్తుంటుంది. వైవాక్స్ రకం జీవి కాలేయంలో దాగి నెలల తరువాత మళ్లీ లేస్తుంది. అందుకే వదలని జ్వరమనే పేరు వచ్చినది.

మరొక సంగతి మైదానం వారిని చాలాకాలం తప్పుదోవ పట్టించినది. కొండవారికి ఈ జ్వరం రాదని, వారి శరీరాలు వేరని అనుకొన్నారు. జ్వరం వారికీ వస్తుంది. చిన్నప్పటి నుంచీ మళ్లీ మళ్లీ సోకగా, బతికి బయటపడినవారికి పెద్దతనంలో కొంత తట్టుకొనే శక్తి ఏర్పడుతుంది. ఆ శక్తికి వెల పసిపిల్లల ప్రాణాలు. పైకి ఆరోగ్యంగా కనబడే పెద్దలను చూచినవారు చనిపోయిన పిల్లలను లెక్క పెట్టలేదు. పిల్లలలో ఎందరికి బల్ల పెరిగినదో లెక్కించడం మలేరియా తీవ్రతను కొలిచే పాత పద్ధతులలో ఒకటి. ఆ లెక్క తీసినచోట కొండపిల్లలకు జ్వరం రాదన్న మాట నిలవదు.

ఈ విషయంలో వంశపారంపర్యానికి కూడా కొంత పాత్ర ఉన్నది. 1952లో నీలగిరుల ఆదివాసులలో కొడవలి కణాల లక్షణాన్ని లేమన్, కట్‌బుష్ అనే శాస్త్రజ్ఞులు గుర్తించినారు. ఈ లక్షణం ఒక్క తల్లి నుంచి గాని తండ్రి నుంచి గాని వస్తే తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుందని 1954లో ఆలిసన్ ఆఫ్రికా పరిశీలనలతో చూపినాడు. ఇద్దరి నుంచీ వస్తే అదే బాధాకరమైన రక్తవ్యాధి అవుతుంది. భారతదేశంలో అనేక ఆదివాసి సమాజాలలో ఈ వ్యాధి ఉన్నది. దాని నిర్మూలనకు 2023లో జాతీయ కార్యక్రమం మొదలైనది. అడవి తన వారికి ఇచ్చిన రక్షణ కూడా ఉచితం కాదన్నమాట.

"బకుడే మలేరియా" అనవచ్చునా?

ఇంతవరకు చదివినవారికి ఒక ఆలోచన తోచడం సహజం. అడవిలో ఉండి, ఊరి రక్తం తాగి, వంతులవారీగా మనుషులను తినే బకుడు మలేరియాకు రూపకమే కదా, పూర్వులు ఈ శాస్త్రాన్ని కథగా దాచినారు కదా అని. ఉపన్యాసాలలో ఇటువంటి మాటలు తరచుగా వినబడతాయి. వీటికి చప్పట్లు కూడా పడతాయి. సైన్సు ఉపాధ్యాయుడు వీటిని ఒప్పుకోరాదు.

కారణం సులభం. శాస్త్రంలో ఒక మాట నిలవాలంటే, అది తప్పు కావడానికి కూడా అవకాశం ఉండాలి. రాస్ అభిప్రాయం తప్పయితే, రోగి రక్తం తాగిన దోమ కడుపులో ఏమీ కనబడదు. ఎన్నో దోమలలో కనబడలేదు కూడాను. సరియైన జాతి దొరికినప్పుడే కనబడినది. బకుడే మలేరియా అన్న మాటకు అటువంటి పరీక్ష లేదు. అదే చేతితో బకుని వరద అనవచ్చును, మశూచి అనవచ్చును, వడ్డీ వ్యాపారి అనవచ్చును. అన్నిటికీ సరిపోయే వివరణ దేనినీ వివరించదు. పైగా అట్లా చెప్పడంవల్ల కథకూ మేలు లేదు. మనుషుల పిరికితనాన్ని, ప్రేమను, రాజ్యపు అసమర్థతను చూపిన కథను ఒక పొడుపుకథ చేసి పెట్టినట్లవుతుంది.

శాస్త్రబుద్ధి కథలో లేకపోలేదు. అది మరొక చోట ఉన్నది. భీముని పంపుతానన్నందుకు ధర్మరాజు తల్లిని మందలిస్తాడు. అప్పుడు కుంతి తన నమ్మకానికి నిదర్శనాలు చెబుతుంది: పసితనంలో రాతి మీద పడితే రాయే పగిలినది, లక్క ఇంటి నుంచి అందరినీ మోసుకొని వచ్చినాడు, హిడింబుని చంపినాడు. చూచినదానిని బట్టి, చూడబోయేదానిని అంచనా వేసే పద్ధతి ఇది. పిల్లలకు చూపవలసిన భాగం ఇదే. కుదింపులలో తరచు జారిపోయేదీ ఇదే.

భీముని దెబ్బ

ఒక్క దెబ్బతో రాక్షసుడు కూలడం కథలో కనబడే ముగింపు. నిజ జీవితంలో అటువంటి ముగింపు కోసం మన దేశం ఒకసారి గట్టిగా ప్రయత్నించినది.

డి.డి.టి.కి కీటకాలను చంపే గుణం ఉన్నదని 1939లో స్విట్జర్లండులో పాల్ ముల్లర్ కనిపెట్టినాడు. స్వాతంత్ర్యం వచ్చిన కాలానికి భారతదేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనది. ఇంటి గోడల మీద మందు చల్లడంతో జ్వరం త్వరగా తగ్గడం చూచి, 1958లో దానినే నిర్మూలన కార్యక్రమంగా మార్చినారు. నియంత్రణ అన్న మాట పోయి నిర్మూలన అన్న మాట వచ్చినది. 1965 నాటికి కేసులు లక్ష ప్రాంతానికి దిగినవి. బకుని శవం ఊరి వాకిట పడినట్లే తోచినది.

అయితే పడిన శరీరం లేచినది. డి.డి.టి.ని తట్టుకొనే దోమలు, ముఖ్యంగా మైదానాలలోని అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ జాతి, ప్రబలినవి. మందుల సరఫరా, నిఘా సడలినవి. క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపేరం రకం మలేరియా 1973లో అస్సాంలో బయటపడినది. 1976లో దేశంలో కేసులు 64 లక్షలు దాటినవి. 1977లో పద్ధతి మార్చి, నిర్మూలనకు బదులు అదుపులో పెట్టడమే లక్ష్యంగా సవరించిన ప్రణాళిక తెచ్చినారు.

దీనిని డి.డి.టి. ఓటమి అనడం సరికాదు. లక్షల ప్రాణాలు అది కాపాడినది. ఓడినది ఒక్క దెబ్బ మీద పెట్టుకొన్న నమ్మకం. దోమ ఒక్కటి కాదు, ఒక జనాభా. అందులో ఏ కొన్నిటికో మందును తట్టుకొనే గుణం ఉంటుంది. మందు చల్లిన కొద్దీ మిగిలినవి చచ్చి, ఆ కొన్నే సంతానం పెంచుకొంటాయి. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ఇంటి గోడ మీదనే జరుగుతుంది. రాక్షసుడు తన చావునుంచి నేర్చుకోలేడు. దోమల జాతి నేర్చుకొన్నట్లే మారగలదు.

కథలోని మరొక చిన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోదగినది. బకుడు చచ్చిన తరువాత ఊరివారు వచ్చి, అది ఎట్లా జరిగినదని వంతు వచ్చిన ఇంటివానిని అడుగుతారు. పాండవుల గుట్టు కాపాడడానికి, ఎవరో మంత్రసిద్ధి గలవాడు వచ్చి చేసినాడని అతడు చెబుతాడు. ఊరు పండుగ చేసుకొంటుంది. ఎట్లా రక్షింపబడినదో ఆ ఊరికి తెలియనే లేదు. మరొక బకుడు వస్తే మరొక సిద్ధుని కోసం ఎదురు చూడవలసినదే. పైనుంచి వచ్చిన మనుషులు గోడకు మందు చల్లిపోతే, ఎందుకు చల్లినారో తెలియని ఇంటివారు మరునాడే గోడ అలికివేసిన సందర్భం దీనికి దూరం కాదు. అందుచేత నేటి పద్ధతులు అనేకం కలిపి సాగుతున్నవి: మందు పట్టించిన దోమతెరలు, అక్కడికక్కడే చేసే రక్తపరీక్ష, వెంటనే వైద్యం, వాగుల మీద నిఘా. వైద్యంలో నేడు ముఖ్యమైన ఆర్టెమిసినిన్ మాచిపత్రి జాతికి చెందిన ఒక చైనా మొక్క నుంచి వచ్చినది. దానిని వేరుచేసిన తూ యూయూకు 2015లో నోబెల్ బహుమానం లభించినది. 2030 నాటికి మలేరియా లేని దేశం కావాలని భారత ప్రభుత్వం లక్ష్యం పెట్టుకొన్నది. ఆ లక్ష్యానికి భీముడు చాలడు; ఊరంతా తెలుసుకోవాలి.

అడవి వైపు నుంచి చూస్తే

ఏకచక్రపుర కథ అంతా ఊరి వైపు నుంచే చెప్పినది. అడవిలో ఉన్నవాడు తినేవాడు, ఊరిలో ఉన్నవాడు తినబడేవాడు. మన్యం చరిత్ర ఈ కథను తలకిందులు చేస్తుంది.

రంపలోని కొండరెడ్లకు, కోయలకు జీలుగు కల్లు పండుగ పానీయం మాత్రమే కాదు, కరవు నెలలలో ఆహారం వంటిది. దాని మీద మన్సబుదారు చిగురు పన్ను వేసినాడు. దానిపైన ప్రభుత్వం కొత్త అబ్కారీ పద్ధతి తెచ్చి, కల్లు పాటలు మైదానపు కాంట్రాక్టర్లకు ఇచ్చినది. మైదానపు వర్తకులు అప్పులిచ్చి, దూరపు కోర్టులలో ఏకపక్షపు డిక్రీలు పొంది, పశువులను, పంటలను పట్టుకొనిపోయినారు. 1879 తిరుగుబాటుకు కారణాలు ఇవి. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడుకు, అడవి సరకులకు అడ్డంకులు పెరిగినవి. సీతారామరాజు కాలపు అశాంతికి రోడ్డుపనులలో వెట్టి, అడవి ఆంక్షలు కారణాలలో ముఖ్యమైనవి. ఆదివాసుల భూములు అన్యాక్రాంతం కాకుండా 1917లో ఒక చట్టం, ఆ తరువాత 1959లో ఒక నిబంధన, 1970లో దానికి గట్టి సవరణ తేవలసివచ్చినదంటే, కొండవారికి బండి తోలించుకొన్న బకుడు ఏ దిక్కునుంచి వచ్చినాడో అర్థమవుతుంది.

అడవిని రాక్షసనిలయంగా చూడడంవల్ల కలిగే కీడు కథతో ఆగదు. జ్వరానికి కారణం చిల్లంగి అని నమ్మినచోట, జ్వరం వచ్చిన ఇంటివారు దోమను వెతకరు, మనిషిని వెతుకుతారు. చిల్లంగి నెపం మీద వృద్ధులను, ఒంటరివారిని హింసించిన సంఘటనలు, చంపిన సంఘటనలు మన జిల్లాలలోనే జరిగినవి. కారణం తెలియని భయం ఎప్పుడూ దగ్గరలో ఉన్న బలహీనుని మీదనే పడుతుంది. రాస్ సూక్ష్మదర్శిని కింద చూచినది వైద్యానికి ఎంత ఉపయోగమో, న్యాయానికీ అంతే ఉపయోగం.

కొబ్బరితోటల నీడలో

కోనసీమ వారికి ఈ విచారణ దూరపుది అనిపించవచ్చును. అడవి ఎక్కడో ఉన్నది, మనకు పచ్చని తోటలున్నవి. అయితే ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత కాలువల నీరు ఈ సీమను అన్నపూర్ణను చేసినది. ఆ నీటి పక్కనే నిలిచిన మురుగు దోమలకు కూడా ఇల్లయినది. తూర్పుగోదావరి తీరప్రాంతంలో బోదకాలు తరతరాల వ్యాధి. దీనిని మోసేది మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ. ఫైలేరియా పురుగు పిల్లలు దోమలో పెరుగుతాయని 1877లో పాట్రిక్ మాన్సన్ చైనాలో కనిపెట్టినాడు. దోమ వ్యాధులను మోయగలదన్న ఆలోచనకు రాస్ కంటే ముందు పునాది అదే. ఆ పిల్లపురుగులు రక్తంలో రాత్రివేళ బయట తిరుగుతాయి కనుకనే బోదకాలు పరీక్షకు రక్తం రాత్రి తీస్తారు. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైనది. 2004 నుంచి వ్యాధి ఉన్న జిల్లాలలో అందరికీ ఏడాదికొకసారి మందు మింగించే పద్ధతి వచ్చినది.

మన్యపు జ్వరానికి వణికిన మైదానం తన ఇంటి వెనుక బోదె పక్కన పెరిగే దోమకు అంతగా వణకలేదు. ప్రాణం వెంటనే తీసేదానికి భయం ఎక్కువ. ఏండ్ల తరబడి కాలు లావెక్కించేది అలవాటయిపోతుంది. ఏకచక్రపురం వారికి వంతు అలవాటయినట్లే.

మొక్కల విషయంలోనూ ఇదే పాఠం. కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో కనబడి, త్వరలోనే కోనసీమ తోటలకు పాకినది. ఆకుల అడుగున చేరి రసం పీల్చి, జిగట తేనె విడిస్తే, దానిమీద నల్లని మసి బూజు కమ్ముతుంది. తోట నల్లబడడం చూచిన రైతు ఘాటైన మందు కోసం పరుగెత్తడం సహజం. ఆ మందుకు తెల్లదోమను తినే మిత్రకీటకాలు, దానిలో గుడ్లు పెట్టే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ జాతి ముందు చస్తాయి. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన కేంద్రం వంటి చోట్ల శాస్త్రజ్ఞులు జీవనియంత్రణకు మొగ్గు చూపడానికి కారణం ఇదే. ఇక్కడ కూడా భీముని దెబ్బ కంటే తోటను ఎరిగిన ఓపిక ఎక్కువ పనిచేస్తుంది.

తరగతిలో ఈ కథ

ఈ విమర్శ ఏకచక్రపుర కథను పాఠాలనుంచి తొలగించడానికి కాదు. దానిని పూర్తిగా చెప్పాలి. కుటుంబం మాటలు, రాజు అసమర్థత, కుంతి నిదర్శనాలు, ఊరికి తెలియకుండాపోయిన రహస్యం అన్నీ చెప్పాలి. తరువాత పిల్లలను మూడు ప్రశ్నలు అడగవచ్చును. మన ఊరిలో ఏండ్లకొకసారి వచ్చి, మనం లెక్క చేయని ఆపదలు ఏవి? వాటికి మనం చెప్పుకొనే కారణాలను ఏ పరీక్షతో తేల్చవచ్చును? వాటినుంచి ఎవరు డబ్బుతో తప్పించుకొంటున్నారు, ఎవరు తప్పించుకోలేకపోతున్నారు? వీలైతే పాఠశాల చుట్టూ ఉన్న కాలువలు, గుంటలు, పారేసిన కొబ్బరి చిప్పలు చూపించి, ఎక్కడ దోమపిల్లలున్నవో లెక్క పెట్టించాలి. నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకొని ఉండేది అనాఫిలిస్ పిల్ల. తలకిందులుగా వేలాడేది క్యూలెక్స్ పిల్ల. ఈ భేదం గుర్తించడానికి పళ్లెం, గరిటె తప్ప వేరే పరికరం అక్కరలేదు.

కథ చివర భీముడు బకుని పరివారాన్ని కూడా చంపడు. ఇకమీదట మనుషులను హింసించరాదని ఒప్పందం చేసుకొని వదులుతాడు. అడవి అట్లాగే నిలిచినది, అందులోనివారు అట్లాగే బతికినారు, ఊరివారికి భయం మాత్రం పోయినది. కథ మొత్తంలో నేటి కాలానికి ఎక్కువ పనికివచ్చే మాట ఇదే కావచ్చును. దానిని ఆచరణలో పెట్టాలంటే మాత్రం అడవిలో ఏమున్నదో, వాగులో ఏమున్నదో, ఆ కొండమీద ఎవరున్నారో ఊరు స్వయంగా తెలుసుకొని తీరవలె.